ఎల్లిగడ్డ దగ్గర కుదిరిన రాజీ

రండమ్మా, పీట ఇటు జరుపుకొని దగ్గరగా కూర్చొని వినండి. ఆ రోజుల్లో సిరిసిల్లలో ఎవరి మాట వినాలన్నా దగ్గర కూర్చోవాల్సిందే. మా వాడలో ఇంటింటికీ సాంచాలు (మరమగ్గాలను మేం అలాగే అంటాం) పొద్దస్తమానం దడదడలాడేవి. చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే తప్ప, ఉప్పు ఇటివ్వమన్న మాట కూడా అవతలి మనిషికి చేరేది కాదు. అక్కడ పుట్టిన వాళ్ల గొంతులు అందుకే పెద్దవి. నేనేమో కోరుట్ల నుంచి వచ్చిన కోడల్ని, మెల్లగా మాట్లాడే అలవాటు నాది. ఆ అలవాటే తొలి కాన్పులో నన్ను పస్తులు పెట్టింది. ఈ సంగతి చెబితే అందరూ నవ్వుతారు. నాకు మాత్రం తలచుకోగానే ముందు ఒళ్లు మండుతుంది. నవ్వు ఎక్కడో వెనకాల నింపాదిగా నడిచి వస్తుంటుంది.

తొలి కాన్పంటే పుట్టింట్లో జరగాలి. కానీ మా అమ్మ బావి దగ్గర జారిపడి కాలు విరగ్గొట్టుకోవడంతో, దవాఖాన నుంచి పసిపిల్లను ఎత్తుకొని నేరుగా అత్తగారింటికే వచ్చాను. అత్త నన్ను బాగానే చూసుకుంది, అబద్ధమెందుకు. అయితే ఆమె పత్యం వాళ్ల అవ్వల నాటిది. మెత్తగా వండిన పాతబియ్యం అన్నం, వెల్లుల్లి దంచి చేసిన ఎల్లిగడ్డ కారం, పైన నెయ్యి, అంతే. పెరుగు జలుబు చేస్తుంది, పప్పు వాతం, పండు చలువ. మంచినీళ్లు గొంతు తడిసేంత, అవీ కాచి చల్లార్చినవి. అదైనా కడుపునిండా తిననిస్తే నాకు ఏ బాధా లేకపోవును. సరిగ్గా అప్పుడే దుబాయి నుంచి మా ఆయన అక్క దిగింది.

ఆమె అక్కడ ఒక తెల్లదొరసాని ఇంట్లో పిల్లను ఆడించే పని చేసేది. మా సాంచాల్లో రెండు ఆమె కష్టంతో వచ్చినవే కాబట్టి ఇంట్లో ఆమె మాటకు ఎదురులేదు. వస్తూనే నా కంచంలోకి తొంగిచూసి, “గింతన్నమా? గింత నెయ్యా? మా మేడం కాన్పయినంక అన్నం మొకం సూడలే. నెల తిర్గకముందే పాత ప్యాంటు తొడుక్కున్నది” అంది. నాకు పాత ప్యాంటంటూ ఒకటి లేదు వదినా అన్నాను. సాంచాల చప్పుడులో ఎవరికీ వినబడలేదు. ఇక దొరసాని పత్యం మొదలైంది. కీరదోస ముక్కలు, పెరుగు, పండ్లు, చెంబులకొద్దీ నీళ్లు, డబ్బాలోంచి తీసి కాచిన ఓట్స్. మా అత్త ఆ గిన్నెలో గరిటె పెట్టి పైకెత్తి చూసింది.

“నూలుకు పట్టిచ్చే గంజి లెక్క సాగుతాంది. గిది తింటె పోగు గట్టివడ్తది గని పాలు వడయి.”

అప్పటి నుంచి అత్త అన్నం తెస్తే వదిన సగం తీసేసేది, వదిన పెరుగు తెస్తే అత్త మొత్తం తీసేసేది. ఇద్దరూ నా మేలు కోరినవాళ్లే (అదే నా ఖర్మ, కీడు కోరినవాళ్లయితే ఒక్క తిట్టుతో తేలిపోయేది). చివరికి ఇద్దరి పత్యాలూ కలిసి ఒప్పుకున్నది ఒక్క ఎల్లిగడ్డను. అత్త లెక్కలో అది పాలు పడేలా చేస్తుంది, దొరసాని లెక్కలో రక్తం శుభ్రం చేస్తుంది. ఇక చూడండి, పచ్చిది, కాల్చింది, నూరింది, రోజంతా అదే. మా ఆయన పిల్లను చూడ్డానికి వచ్చి, నా వైపు గాలి వీస్తుంటే వాకిట్లోంచే చూసి పోయేవాడు. ఆకలవుతోందని చెబితే, వినబడలేదన్నట్టు చెవి చూపించి, సరే సరే అన్నట్టు తలూపి సాంచాల గదిలోకి వెళ్లిపోయాడు. ఆ తల ఊపుడు గుర్తొస్తే ఇవాళ్టికీ పళ్లు పటపటమంటాయి.

నా ఆకలి నేను ఓర్చుకుందునేమో. కానీ పాలు తగ్గిపోయాయి. పిల్ల రొమ్ము పట్టినట్టే పట్టి, ఏమీ రాక వదిలేసి, మొహం కందిపోయేలా ఏడ్చేది. ఒక మధ్యాహ్నం అలా ఏడుస్తుంటే, అత్తా వదినా నా మంచానికి చెరోపక్క నిలబడి, నీ గంజి వల్లేనని ఒకరు, నీళ్లకు కరువు పెట్టిన నీ వల్లేనని ఒకరు నా మీదుగా అరుచుకుంటున్నారు. నా చేతిలోనేమో కాల్చిన ఎల్లిగడ్డ. ఎక్కడి నుంచి వచ్చిందో అంత కోపం, సాంచాలను మించిన గొంతుతో అందుకున్నాను. మాట సగంలో ఉండగా కరెంటు పోయింది. వాడ మొత్తంలో సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. మిగిలిన సగం మాట వీధి చివరిదాకా వెళ్లింది.

“ఇంట్ల ఇద్దరిద్దరు వంటోళ్లున్నరు, బాలెంతకు బుక్కెడు బువ్వ లేదు. నాకు పచ్చిపులుసు గావాలె. గిన్నెడన్నం గావాలె.”

మా ఆయన నెత్తినిండా నూలు దూదితో గుమ్మంలోకి వచ్చాడు. “గీ ముచ్చట ముందుగాల్నే జెప్పద్దా?” అన్నాడు. చేతిలోని ఎల్లిగడ్డ ఆయనకే తగిలింది. ఆ మాత్రం గురి ఉందని నాకూ అప్పుడే తెలిసింది.

ఇంతలో ఎదురింటి పెద్దమ్మ అన్నం, పచ్చిపులుసు పట్టుకొని వచ్చింది. పొయ్యి ఎక్కని చింతపండు పులుసు, అందులో ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, వేయించిన నువ్వుల పొడి. ఆ వాసనకే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పులుపని అత్తా, అన్నమని వదినా ఒకేసారి చేతులు చాపారు. పెద్దమ్మ గిన్నె నా ఒళ్లో పెట్టి, “చేతులు దీయుండ్రి. కరెంటచ్చేదాక బాలెంతను నిమ్మలంగ తిననియ్యుండ్రి” అంది. మళ్లీ సాంచాలు మోగేసరికి గిన్నె ఖాళీ. ఆ రోజు నుంచి ఎవరూ నా కంచంలో చేయి పెట్టలేదు. పరువు తీశానని అత్తా వదినా నాతో మాట్లాడ్డం మానేసి, ఒకరితో ఒకరు మాత్రం తెగ మాట్లాడుకున్నారు. పిల్ల కడుపునిండా తాగడం మొదలుపెట్టింది. అది పచ్చిపులుసు మహిమో, అన్నం మహిమో, నోరు తెరిచిన మహిమో, ఏ దేశపు పత్యాన్ని అడిగితే చెబుతుందో నాకు తెలియదు.

ఇప్పుడు అత్త లేదు. వదిన జగిత్యాలలో ఉంటుంది. షుగరు వచ్చి డాక్టరు అన్నం తగ్గించమంటే, మా ఇంటికొచ్చి రెండుసార్లు వడ్డించుకుంటుంది. వాడలో సాంచాలు తగ్గి, మెల్లగా మాట్లాడినా వినబడుతుంది. మొన్న మా కూతురు, ఆనాటి ఏడుపు పిల్లే, అదే గదిలో బాలింతై పడుకుంది. చేతిలో ఫోను. అందులో ఎవరో సన్నటామె అన్నం విషమని చెబుతోంది. నేనేమో కాచిన నీళ్లు, కాల్చిన ఎల్లిగడ్డ పట్టుకొని, పెరుగు ముట్టకని చెప్పడానికి నోరు తెరుచుకొని వెళ్లాను. గడప మీద కాలు ఆగింది. తెరిచిన నోట్లోంచి వేరే మాట వచ్చింది.

“ఏం దినబుద్దయితాంది బిడ్డా?”

అది ఫోను పక్కన పెట్టి నన్నూ, నా చేతినీ చూసింది. “ముందుగాల గా ఎల్లిగడ్డ అవుతల వెట్టమ్మా” అంది.

ఇన్నేళ్లూ వెనకాల నడుస్తున్న నవ్వు అప్పుడు వచ్చి నన్ను అందుకుంది. మా అత్త కూడా ఇలాగే గడప దాకా వచ్చేదేమో, అడగడం ఆమెకెవరూ నేర్పలేదేమో అనిపించింది. సరేనమ్మా, మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంట పిల్లలకు పాలు, పెద్దలకు ఆకలి ఎన్నడూ తగ్గకూడదు. వడ్డించే ముందు ఏం కావాలని అడిగే నోరొకటి మీ ఇంట ఎప్పుడూ ఉండాలి.