ఎలా ఉందని అడగని హోటలు

మా వియ్యపురాలు పోయారు. పొద్దున్నే, నేనింకా కాఫీ కూడా తాగకముందే, బందరు నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, అత్తయ్య లేవట్లేదమ్మా" అంది. నేను వెంటనే నమ్మలేదు. గట్టిగా పిలిచావా, చెయ్యి పట్టుకుని చూశావా, డాక్టరు వచ్చాడా అని వరసగా అడిగాను. "అన్నీ అయ్యాయమ్మా" అని అది ఏడ్చాక గానీ నేను కుర్చీలో కూర్చోలేదు.

ఆవిడ ఇంట్లో చెప్పకుండా పక్క వీధికి కూడా వెళ్ళే మనిషి కాదు. నాకు తెలిసి చెప్పకుండా చేసిన పనులు రెండే. ఒకటి ఇలా వెళ్ళిపోవడం. రెండోది, కోనేరు సెంటరు వెనక సందులో ఉన్న తైవాన్ హోటల్లో మధ్యాహ్నంపూట ఒంటరిగా కూర్చుని భోజనం చేయడం. ఆవిణ్ణి తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ హోటలే కాబట్టి దాని సంగతే చెబుతాను.

నేను గుడివాడలో కామర్స్ చెప్పి రిటైరయిన దాన్ని. లెక్కలో తేడా వస్తే అది ఎక్కడుందో దొరికేదాకా వదలను. మనుషుల దగ్గరా అంతే. పెళ్ళిచూపుల నాడు ఆవిడ మా ఇంట్లో కూర్చుని, నేను చేసిన ముక్కల పులుసు గరిటెతో రెండు చుక్కలు అరచేతిలో వేయించుకుని నాలుకకు తగిలించి, కళ్ళు మూసుకుని, "చాలు" అన్నారు. అంతే. బాగుందని అనలేదు, బాగాలేదనీ అనలేదు. ఆ "చాలు"లో ఏముందోనని పెళ్ళి అయ్యేదాకా నాకు అనుమానమే.

తర్వాత తెలిసింది, అది ఆవిడ ఇచ్చే అతి పెద్ద మార్కు అని. ఆవిడ నాగాయలంక వైపు పల్లెటూరి పిల్ల, బందరు కోడలిగా వచ్చారు. కారం రంగు ఎవరైనా చూడగలరు, నూనె ఎవరైనా కొలవగలరు. ఉప్పు మాత్రం ఆవిడే చూడాలి. వేసవి వస్తే వీధిలోని ఆడవాళ్ళందరూ కలిపిన ఆవకాయ గిన్నెల్లో పెట్టుకుని ఆవిడ అరుగు మీదికి వచ్చేసేవారు. అరచేయి, నాలుక, మూసిన కళ్ళు. "పిడికెడు పడుతుంది." "నీళ్ళ చెయ్యి తగిలింది, ఎవరిదది?" "చాలు." ఎవరైనా వాదిస్తే, "నాతో కాదమ్మా, ఇదుగో దీంతో వాదించు" అని నాలుక బయటపెట్టి చూపించేవారు. అంత పెద్దమనిషి అలా నాలుక చాపడం నాకు నచ్చేది కాదు. నచ్చలేదని చెప్పాను కూడా. "మీది పాఠాలు చెప్పిన నోరండీ, దాచుకోండి. నాది రుచి చూసే నోరు" అన్నారు.

కిందటి చలికాలం చివర మా అమ్మాయి ఫోన్లలో ఒక కొత్త మాట మొదలైంది. "అమ్మా, అత్తయ్య ఉప్పు చూడట్లేదు."

"ఏమంటారు?"

"'నువ్వే చూసుకో' అంటారు. పెళ్ళయిన కొత్తలో కూడా అలా అనలేదు. నా వంట ముట్టుకోవడం ఇష్టం లేనట్టు."

తర్వాత ఇంకోటి. వారంలో కొన్ని రోజులు మధ్యాహ్నం ఇంట్లో అన్నం తినకుండా చీర మార్చుకుని బయటికి వెళ్తున్నారట. ఎక్కడికంటే "ఇప్పుడే వస్తా" అంటారట. చివరికి ఎదురింటావిడ చూసి, గేటు దగ్గర నిలబడి మా అమ్మాయినే అడిగింది: "ఏమ్మా, మీ అత్తగారు ఆ తైవాన్ హోటల్లో తింటున్నారే? ఇంట్లో వండట్లేదా ఏంటి?"

అది విన్నాక నాకు విషయం అర్థమైంది, లేదా అర్థమైందనుకున్నాను. అత్తగారు నోరు తెరిచి కోడలి మీద ఒక్క మాట అనక్కర్లేదు. కోడలున్న ఇంట్లో అన్నం మానేసి నలుగురూ చూసేలా హోటల్లో కూర్చుంటే చాలు, మిగతాది ఊరే అంటుంది. మా అమ్మాయి అన్నం పెట్టడం లేదన్న పేరు ఒకసారి పడితే ఆ వీధిలో జన్మలో పోదు. మర్నాడే గుడివాడలో బందరు బస్సెక్కాను. పెడన దాటేదాకా ఆవిణ్ణి ఏమడగాలో మనసులో రాసుకుంటూనే ఉన్నాను. మా అమ్మాయికి వస్తున్నట్టు చెప్పలేదు. చెబితే వద్దంటుంది.

ఆ హోటలు ఒకప్పుడు రోల్డుగోల్డు నగల కొట్టు. అద్దాల అరలు ఇంకా గోడకే ఉన్నాయి, గాజులు ఉండే చోట గిన్నెలు బోర్లించి ఉన్నాయి. నాలుగు బల్లలు. గోడలకు తెల్ల సున్నం. నడిపే ఆయన బందరు ముస్లిమే, తైవాన్‌లో చాలా ఏళ్ళు ఒక చిన్న భోజనశాలలో వంట చేసి తిరిగొచ్చాడు. మా వియ్యపురాలు చివరి బల్ల దగ్గర గోడవైపు తిరిగి కూర్చున్నారు. నన్ను చూసి కంగారు పడతారనుకున్నాను. పడలేదు. పక్కనున్న స్టూలు లాగి, "రండి వదినగారూ, ఎండలో వచ్చారు. ముందు మంచినీళ్ళు తాగండి" అన్నారు. కంగారు పడకపోవడం నాకు ఇంకా అనుమానంగా అనిపించింది.

"ఇదేం తిండండీ?" అన్నాను.

"తైవాన్ తిండంట."

"ఏం మాంసం వేస్తారు?" అని హోటలాయన్నే పిలిచి అడిగాను. "వాళ్ళు పందిని కూడా వండుతారని విన్నాను."

ఆయన నవ్వాడు. "అమ్మగారూ, మీకంటే ముందు నేనే తినను. కోడి, గుడ్డు, మన గిలకలదిండి రేవు చేప. అంతే."

"మరి ఆ టీలో నల్లగా ఏమిటి తేలుతున్నాయి?"

"సగ్గుబియ్యం ఉండలమ్మా."

"టీలోనా?"

"అవునమ్మా."

టీలో సగ్గుబియ్యం వేసే వాళ్ళను నేను అంత తేలిగ్గా నమ్మలేను. అయినా వచ్చిన పని కోసం ఒక గిన్నె తెప్పించుకున్నాను. పల్చటి కోడిరసంలో పొడుగాటి నూడుల్స్, చేప ముద్దలు, టీ డికాషన్‌లో ఉడికించిన గుడ్డు. గుడ్డు మీద పగిలిన పెంకు గీతలు గోధుమ రంగులో గుడ్డంతా పాకి ఉన్నాయి. నేను తినకుండా ఆవిణ్ణే చూస్తున్నాను. ఆవిడ గిన్నె దగ్గరికి తీసుకుని వాసన చూడలేదు. కళ్ళు మూసుకోలేదు. ఒక చేప ముద్ద నోట్లో పెట్టుకుని, చెరుకు నమిలినట్టు, ఎంతో ఇష్టంగా చాలాసేపు నమిలారు. ఇరవై ఏళ్ళుగా ఆవిడ తినడం చూస్తున్నాను. ఈ తినడం ఆవిడది కాదు.

చేతిమీద రసం ఒలికిందని ఆవిడ కడుక్కోవడానికి లేచారు. బల్ల మీద నల్ల వెనిగర్ సీసా ఉంది. నేను మూత తీసి ఆవిడ గిన్నెలో వంచేశాను. కొంచెం కాదు, ఏ మనిషైనా ఉమ్మేసేంత. పరీక్ష పెట్టడం నాకు అలవాటైన పని.

ఆవిడ వచ్చి కూర్చున్నారు. చెంచాడు రసం తాగారు. ఇంకో చెంచాడు తాగారు. మొహంలో ఒక్క గీత కదల్లేదు.

"ఎలా ఉందండీ?" అన్నాను.

"బాగుంది" అన్నారు.

జీవితంలో మొదటిసారి ఆవిడ నోట బాగుందన్న మాట విన్నాను.

"వదినగారూ, ఎన్నాళ్ళ నుంచి?"

"ఏది?"

"ఆ నాలుక."

ఆవిడ చెంచా కింద పెట్టారు. హోటలాయన లోపలికి వెళ్ళేదాకా ఆగి, గోడతో చెబుతున్నట్టు చెప్పారు. "మొన్న జ్వరం పడి లేచాను చూడండి, అప్పటి నుంచి. వాసన లేదు, రుచి లేదు. అన్నమూ ఒకటే, సున్నమూ ఒకటే. డాక్టరు దగ్గరికి వెళ్ళాను. వస్తే వస్తుంది, రాకపోతే లేదన్నాడు."

"ఇంట్లో చెప్పొచ్చుగా? మా పిల్ల మీరు దాని వంట అసహ్యించుకుంటున్నారని కుమిలిపోతోంది."

"చెప్పకుండా ఒకసారి నెట్టుకొద్దామని చూశానండీ. మీ అమ్మాయి చేపల పులుసు చేసి ఉప్పు చూడమంది. 'చాలు' అన్నాను. ఎవరూ నోట పెట్టలేకపోయారు. 'సముద్రంలోంచి నేరుగా ముంచుకొచ్చావా?' అన్నాడు మా వాడు దాన్ని. అది నా వైపు ఒక్కసారి చూసి, నా పేరెత్తకుండా గిన్నె తీసేసింది. నా మాట నమ్మినందుకు మాట పడింది. ఇంకెప్పుడూ దాని గిన్నెలో వేలు పెట్టకూడదనుకున్నాను."

"మరి ఈ హోటలేంటి?"

"ఇంట్లో తింటుంటే అందరూ నా మొహమే చూస్తారండీ, ఎలా ఉందో అని. ఇక్కడ ఏ వంట ఎలా ఉండాలో నాకు తెలీదు. ఎవరూ నన్నడగరు. పైగా ఇది చూడండి." చేప ముద్దను చెంచాతో నొక్కారు, అది వెనక్కి లేచింది. "ఇది పంటికి ఎదురుతిరుగుతుంది. ఆ సగ్గుబియ్యం సాగుతుంది. ఆ గుడ్డు జారుతుంది. ఆ దేశం వాళ్ళు రుచికంటే ముందు ఇదే చూస్తారట, ఆయన చెప్పాడు. నాలుక పోయింది గానీ పళ్ళున్నాయి కదండీ."

నేను నా గిన్నె తినడం మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే ఆ చేప ముద్ద విషయంలో ఆవిడ మాట కరెక్టు. టీ మాత్రం ముట్టుకోలేదు.

ఇవాళే మా అమ్మాయికి చెప్పాలని పట్టుబట్టాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "వేసవి ఒక్కటీ గడవనివ్వండి. వీధంతా గిన్నెలు పట్టుకొస్తారు. ఉప్పు చూడలేని మనిషని తెలిస్తే వాళ్ళు జాలిపడతారు. వాళ్ళు కోపంగా ఉంటే భరించగలను గానీ జాలిపడితే భరించలేను. మీరు చెప్పనని మాటివ్వండి." ఇచ్చాను. ఇష్టం లేకుండానే ఇచ్చాను. ఎదురింటావిడ నోరు మూయించే పని మాత్రం ఆ సాయంత్రమే చేసి గుడివాడ వచ్చాను. "మీ వీధిలో హోటలుకెళ్ళడానికి కోడలి పర్మిషన్ కావాలాండీ?" అన్నాను. తర్వాత ఆవిడ ఆ ఊసెత్తలేదట.

మామిడికాయల రోజుల్లో మళ్ళీ వెళ్ళాను. ఆవిడ ఏం చేస్తారో చూడాలని. అరుగు మీద గిన్నెలు వచ్చి చేరాయి. ఆవిడ వాలుకుర్చీలో కూర్చుని, "ఈ ఏడు మా కోడలు చూస్తుంది. నేను దాన్ని చూస్తాను" అన్నారు. మా అమ్మాయి అరచేతిలో వేసుకుని నాలుకకు తగిలించింది. ఆవిడ ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని, "నాలుక ఏమంటోంది?" అన్నారు.

"కొంచెం తగ్గిందత్తయ్యా."

"కొంచెం అంటే? నాలుక చివర తగ్గిందా, గొంతు దగ్గర తగ్గిందా?"

"గొంతు దగ్గర."

"అయితే పిడికెడు పడుతుంది. వెయ్యమను."

అత్తగారు కోడలికి పరీక్ష పెడుతున్నారని వీధి వీధంతా మురిసిపోయింది. నేను ఒక స్తంభానికి ఆనుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూశాను. మా అమ్మాయికి తెలుసా? తెలిసే ఆడుతోందా? దాని మొహంలో ఏమీ దొరకలేదు. అలా ఏమీ బయటపడనివ్వని మొహం పెట్టడం అది ఎవరి దగ్గర నేర్చుకుందో ఆ రోజు అర్థమైంది. నా దగ్గర మాత్రం కాదు. ఆ ఏడాది వీధిలో ఒక్క జాడీ కూడా పాడవలేదు.

ఆవిడ పెద్దకర్మ అయిన మర్నాడు నేను ఒక్కదాన్నే ఆ హోటలుకు వెళ్ళాను. కబురు ఆయనకు తెలుసో తెలీదో, ఎవరో ఒకరు చెప్పాలి కదా. ఆయనకు అప్పటికే తెలిసింది. బల్ల తుడిచే గుడ్డ భుజాన వేసుకుని నిలబడిపోయాడు. "పిన్నిగారికి చేప ముద్దలు ఎప్పుడూ రెండు ఎక్కువ వేసేవాణ్ణమ్మా" అని, "మీ అమ్మాయిగారు ఎలా ఉన్నారు?" అన్నాడు.

"మా అమ్మాయి మీకెలా తెలుసు?"

"వేసవికి ముందు నుంచే ఇద్దరూ కలిసి వచ్చేవాళ్ళు కదమ్మా. మీరొచ్చి వెళ్ళిన వారం లోపే అనుకుంటా, పిన్నిగారు ఇక్కడుండగా వెతుక్కుంటూ వచ్చారు మీ అమ్మాయిగారు. ఏమనుకున్నారో ఏమో, ఇద్దరూ కాసేపు ఏడ్చారు. నేను లోపలే ఉండిపోయాను. తర్వాత రెండో గిన్నె అడిగారు."

నేను మాటివ్వడం అనవసరం అయిందన్న మాట. మాట తీసుకున్న మనిషి వారం తిరక్కుండా తనే చెప్పేసుకుని, నాకు చెప్పలేదు. కూతురూ చెప్పలేదు. వేసవంతా నన్ను స్తంభానికి ఆనించి ఇద్దరూ ఆడుకున్నారు. కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు.

"ఏం చేసేవాళ్ళు ఇక్కడ?" అన్నాను.

"తైవాన్ వాళ్ళలా రెండు పుల్లలతో తినడం నేర్చుకునేవాళ్ళమ్మా. పందెం. ఎవరికీ రాదు. నూడుల్స్ సగం దాకా లేపడం, జారిపోయి రసంలో పడడం, మొహాల మీద చిందడం. కళ్ళజోళ్ళు తుడుచుకుంటూ ఒకటే నవ్వు. అదుగో, ఆ గోడ మీద చుక్కలు వాళ్ళవే. సున్నం వేయిద్దామనుకుని ఊరుకున్నాను."

ఆయన మాట ఊరికే నమ్మడం ఎందుకని లేచి వెళ్ళాను. కళ్ళజోడు పెట్టుకుని దగ్గరగా వంగి చూశాను. తెల్లటి సున్నం మీద గోధుమ రంగు చిన్న చిన్న చుక్కలు, ఆవిడ కూర్చునే చోటికి ఎదురుగా కొన్ని, పక్క స్టూలుకు ఎదురుగా కొన్ని, మధ్యలో ఏవి ఎవరివో చెప్పలేనన్ని.