మూడు చెంచాల క్రీము, ఆరు ముక్కల డబ్బా

మా మల్‌సున్ అక్క చేతికి క్రీము డబ్బా ఇస్తే చాలు, రెండు చేతులతో పట్టుకుని, కుడి చెంప పక్కకు ఎత్తి, పళ్ళు కనబడకుండా నవ్వుతుంది. కావాలని చేసేది కాదు. ఇరవై ఆరేళ్ళు ఇంటింటికీ తిరిగి క్రీములూ పౌడర్లూ అమ్మిన మనిషి. కంపెనీవాళ్ళు అద్దం ముందు నిలబెట్టి నేర్పిన ఆ తీరు ఒంట్లో ఇంకిపోయింది. చెత్త ఏరే బెల్టు దగ్గర, మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకుని ఉన్నప్పుడు కూడా ఒక్కోసారి డబ్బా చెంప పక్కకు లేచేది. మేం పడీ పడీ నవ్వేవాళ్ళం. అలా నవ్వినందుకు ఇప్పుడు నాకు అన్నం సయించడం లేదు.

మాది ఇంచన్ ఊరి చివర ఉన్న చెత్త వేరుచేసే కేంద్రం. ఇళ్ళ నుంచి వచ్చిన ప్లాస్టిక్ బెల్టు మీద సాగుతూ ఉంటుంది. పన్నెండు మంది ఆడవాళ్ళం రెండు పక్కలా నిలబడి ఏ రకానికి ఆ రకం ఏరి తొట్లలో వేస్తాం. మేం ఏరకుండా వదిలేసింది బెల్టు చివరికి పోతుంది. అక్కడి నుంచి కాల్చే కొలిమికి పోతుంది. అక్క తొమ్మిదేళ్ళు నాకు ఎదురుగా నిలబడింది. పూర్తి పేరు ప్యో మల్‌సున్. ఐదో ఆడపిల్ల పుట్టేసరికి, ఇంతటితో చాలించు తల్లీ అని ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు. మల్ అంటే ఆఖరు.

"నా పేరు కూడా ఈ డబ్బా లాంటిదేనే కుమ్‌రాన్! ఎవరికీ అక్కర్లేక పెట్టింది" అనేది నాతో.

క్రీము డబ్బా అడుగున మూడు బాణాలు గుండ్రంగా తిరుగుతుంటాయి. మధ్యలో రాసి ఉంటుంది, 'ఇతరం' అని. అంటే నాలుగు రకాలు కలిపేశారు, ఏ తొట్టికీ చెందదు, కొలిమికే అని అర్థం. ఈ సంగతి బెల్టు దగ్గర నిలబడే మాకు తెలుసు. ఇళ్ళలో వాళ్ళకేం తెలుసు? బాణాలు కనబడ్డాయి కదా, కరిగించి మళ్ళీ వాడతారని నమ్ముతారు. వేణ్ణీళ్ళతో కడుగుతారు, గోళ్ళు విరిగేలా లేబుళ్ళు గీకుతారు, ఆరబెట్టి మరీ తెచ్చి వేస్తారు. ముసలమ్మలు అంత శ్రద్ధగా తోమిన డబ్బాను నా చేత్తో నేనే కొలిమికి వదలాలి. ఒళ్ళు మండదూ?

ఒకరోజు భోజనాల దగ్గర అక్క అలాంటి డబ్బా ఒకటి విప్పి చూపించింది. పై మూత, మూత మీద బంగారు రంగు తొడుగు, క్రీము మీద కప్పే పలక, బుల్లి చెంచా, బయటి డబ్బా, దాని లోపల ఇంకో గిన్నె. ఆరు ముక్కలు. లోపలి గిన్నెలో బార్లీ టీ పోసి చెంచాతో కొలిచింది. సరిగ్గా మూడు చెంచాలు పట్టింది.

"బయటి నుంచి చూస్తే పిడికెడంత ఉంటుంది. పైన పటారం, లోన లొటారం. ఇదేనే నేను ఇరవై ఆరేళ్ళు అమ్మింది" అంది. ఆ పూట తెచ్చుకున్న కింబాప్ అన్నం చుట్టలు సగం వదిలేసింది.

వాళ్ళ నాన్న కూడా క్రీమే అమ్మేవాడట. అప్పట్లో కురిము అనేవారు. వీపున డోలు, దాని కర్రకు కట్టిన తాడు మడమకు. అడుగేస్తే దోం దోం అని మోగేది. ఆ చప్పుడు వినగానే ఆడవాళ్ళు ఇంట్లో ఉన్న గిన్నెలు పట్టుకుని బయటికి వచ్చేవారు. "గిన్నె మీది, కురిము నాది!" అని అరిచి, గరిటెతో తీసి వాళ్ళ గిన్నెల్లోనే వేసేవాడు. అక్క వాళ్ళమ్మ ఒకే తెల్ల పింగాణీ గిన్నె పెళ్ళినాటి నుంచి పోయేదాకా వాడింది. అది ఇప్పుడు అక్క దగ్గరుంది.

పోయిన మార్చిలో అక్క పాత కంపెనీవాళ్ళే మా కేంద్రానికి వచ్చారు. కంపెనీ పేరు చెప్పను, నా నోరు పాడుచేసుకోవడం దేనికి? 'ఐదు ఖాళీ డబ్బాలు తెండి, ముఖానికి వేసుకునే మాస్కు ఒకటి ఉచితం' అని దుకాణాల్లో ఆకుపచ్చ పెట్టెలు పెట్టారు. ఆ పెట్టెలు ప్రతి సోమవారం మా దగ్గరికే వస్తాయి. వాళ్ళకు ఒక వీడియో కావాలట. తమ క్రీములు అమ్మిన మనిషే ఇక్కడ పనిచేస్తోందని తెలిసి ఎగిరి గంతేశారు.

మా యజమాని తక్ గారు అక్కను పిలిచి, "మల్‌సున్ గారూ, ఈ నెలాఖరుకు మీ ఒప్పందం అయిపోతుంది. మీకు అరవై ఐదు నిండుతున్నాయి. వీడియో బాగా వచ్చిందనుకోండి, నేను వయసు మాటే ఎత్తను" అన్నాడు.

అక్కకు ఎవరున్నారు? భర్త పోయాడు, పిల్లల్లేరు. ఈ పని పోతే ఆ వయసులో ఇంకెవడిస్తాడు? నేనే బతిమాలాను.

"అక్కా, వాళ్ళు చెప్పమన్న ఒక్క ముక్క అనేసెయ్. నీ సొమ్మేం పోయింది?"

"చూద్దాంలేవే" అంది.

షూటింగు రోజు బెల్టు ఆపారు. బెల్టు చివర, కొలిమికి పోయే దారి కనబడకుండా కొత్త ఆకుపచ్చ తొట్టి ఒకటి పెట్టారు. దాని మీద 'మళ్ళీ పుట్టుక' అని రాసి, ఒక చిగురు బొమ్మ వేశారు. అలాంటి తొట్టి మా దగ్గర ఏనాడూ లేదు. అది వాళ్ళు వ్యానులో తెచ్చుకున్నది. బ్యన్ అనే కంపెనీ టీమ్ లీడరమ్మ అక్క చేతిలో డబ్బా పెట్టి, "ఊరికే పట్టుకోండమ్మా, లైటు సరిచూసుకుంటాం" అంది. ఇంకేముంది, డబ్బా చెంప పక్కకు లేచింది, నవ్వు వచ్చేసింది. మేం కిసుక్కున నవ్వాం. నాలుగు సెకన్లు, అంతే.

"ఇప్పుడు మాట చెప్పండమ్మా. 'ఈ డబ్బా మళ్ళీ పుడుతుంది.'"

"ఎక్కడ పుడుతుందమ్మా?" అని అడిగింది అక్క.

"ఏంటండీ?"

"ఎక్కడ పుడుతుందో చెప్పు తల్లీ, అక్కడే వేస్తాను. ఇక్కడ ఐదు తొట్లున్నాయి. దేన్లో వెయ్యమంటావ్?"

"ఆ ఆకుపచ్చ దాంట్లో..."

"అది సాయంత్రం మీ వ్యానెక్కి పోయేదేగా?" అని అక్క డబ్బాను విప్పి ఆరు ముక్కలూ ఆవిడ అరచేతిలో ఒక్కొక్కటే పెట్టింది. "మీ కంపెనీలో ఎవరినైనా అడుగు. ఇది దేనికీ పనికిరాదు, కాల్చడానికి తప్ప. తగ్గించండమ్మా. ఆరింట్లో నాలుగు తీసెయ్యండి, బంగారు రంగు తీసెయ్యండి. అది చెయ్యకుండా నా చేత పురుడు పోయిస్తారేంటి?"

"అది మా విభాగం కాదండీ" అంది బ్యన్. తక్ గారి మొహం మిరపపండైపోయింది. "ఏమ్మా, నీకు తిన్నది అరగడం లేదా?" అని అందరి ముందూ అరిచాడు. పదకొండు మందిమి అక్కడే ఉన్నాం. ఒక్కరం నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. నా ఒప్పందం కూడా నెలాఖరుకే మరి.

నాది మళ్ళీ రాశారు. అక్కది రాయలేదు. వయసు, అన్నారు.

ఏప్రిల్లో బుప్యంగ్ స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉంటే ఎదురుగా పెద్ద తెర మీద అక్క కనబడింది. డబ్బా చెంప పక్కన, నోటి మీద నవ్వు. లైటు కోసమంటూ తీసిన ఆ నాలుగు సెకన్లే. మాట లేదు, వీణ లాంటిదేదో మోగుతోంది. కింద అక్షరాలు: 'ఆనాడు మా క్రీము అమ్మిన చేతులే, ఈనాడు దానికి మళ్ళీ ప్రాణం పోస్తున్నాయి.' థూ! పని ఊడగొట్టి మొహం ఉంచుకున్నారు. అరికాలి మంట నెత్తికెక్కింది. అక్కడికక్కడే అక్కకు ఫోన్ చేశాను.

"చూశాను. కంపెనీకి ఫోన్ చేసి అడిగితే, షూటింగు రోజు కాగితం మీద సంతకం పెట్టారుగా అన్నారు. పెట్టాను మరి" అంది. తర్వాత, "నాలుగిళ్ళ వాళ్ళు ఫోన్ చేశారే కుమ్‌రాన్. నా పాత ఖాతాదార్లు. నువ్వే చెప్పాక ఇంకేం, హాయిగా కొంటున్నాం అంటున్నారు. నా మొహం చూసి కొంటున్నారే!" అంటూ ఏడ్చింది. తొమ్మిదేళ్ళలో ఆవిడ ఏడవగా నేను వినలేదు.

ఆ శనివారం ఆ కంపెనీ దుకాణానికి వెళ్దాం రమ్మంది. వెళ్ళాను. అక్క సంచీలోంచి వాళ్ళమ్మ పింగాణీ గిన్నె తీసి బల్ల మీద పెట్టింది.

"ఇందులో మూడు చెంచాలు వెయ్యమ్మా. ధర ఎంతైతే అంతా ఇస్తాను. డబ్బా మాత్రం నాకొద్దు."

బల్ల వెనక పిల్లకు ఇరవై రెండేళ్ళుంటాయేమో. గిన్నె వంక చూసింది, అక్క వంక చూసింది, దాని కళ్ళు ఇంతింతయ్యాయి. "అయ్యో, మీరు వీడియోలో అమ్మగారు కదూ!" అని నడుం వంచి దండం పెట్టింది. ఎంత మంచి పిల్లో! ఆ మంచితనమే మా కొంప ముంచింది. పరుగున వెళ్ళి అరలోంచి కొత్త డబ్బా తెచ్చింది. అట్టపెట్టె చింపింది, మూత తీసింది, పలక తీసింది, బుల్లి చెంచాతో క్రీమంతా గీకి గిన్నెలో వేసింది. ఖాళీ డబ్బాను శుభ్రంగా తుడిచి, మూత పెట్టి, దాని మీద నవ్వే మొహం బిళ్ళ ఒకటి అంటించి, రెండు చేతులతో ఆకుపచ్చ పెట్టెలో వేసింది.

"ఇప్పుడు సంతోషమేనా అమ్మగారూ?"

ఆ పిల్లను ఏమని తిడతాం? అక్క గిన్నె మీద చెయ్యి కప్పి బయటికి వచ్చి, మెట్ల మీద కూలబడిపోయింది.

"మా నాన్న డోలు ఉంటే బాగుండేదే. ఈ వీధంతా వినబడేలా వాయించేదాన్ని" అంది.

సోమవారం పొద్దున ఆకుపచ్చ పెట్టెల సరుకు బెల్టు మీదికి వచ్చింది. అక్క నిలబడే చోట ఇప్పుడు కొత్తావిడ ఉంది. చూస్తూ ఉండగానే ఆ డబ్బా నా ముందుకు వచ్చింది. మూత మీద నవ్వే మొహం బిళ్ళ. తిప్పి చూశాను. బాణాలు, మధ్యలో 'ఇతరం'. వదిలేస్తే చివరికి పోతుంది. తొమ్మిదేళ్ళుగా వదులుతున్నదేగా!

ఎర్ర బొత్తాం నొక్కాను. బెల్టు ఆగింది. తక్ గారు మెట్లు దిగి పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"ఏమైంది? ఎవరి చెయ్యి ఇరుక్కుంది?"

"ఎవరికీ ఏమీ కాలేదు సార్" అని డబ్బా ఆయన చేతిలో పెట్టాను. "ఇది ఎక్కడ పుడుతుందో చెప్పండి. అక్కడే వేస్తాను."