కనకయ్య ఇంటి ప్లగ్గు

2008 డిసెంబరులో నన్ను శ్రీరాంపూర్ నుంచి గోదావరిఖని వైపు ఒక భూగర్భ గనికి ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా బదిలీ చేశారు. అప్పటికి నా సర్వీసు ఇరవై రెండేళ్లు. ఫోర్‌మన్ అంటే ఇంజినీరుకు కింద, ఎలక్ట్రీషియన్లకు పైన. సంతకం పెట్టేది ఇంజినీరు, చెయ్యి పెట్టేది ఎలక్ట్రీషియన్, ఇద్దరి తిట్లూ తినేది ఫోర్‌మన్. గనిలో ఊట నీళ్లు తోడే పంపులు, బొగ్గు తొట్లను లాగే హాలేజీ, వాటికి కరెంటు ఇచ్చే స్విచ్చులు, అన్నీ నా జిమ్మా.

ఆ పనికి ఒక నియమం ఉంది. మోటారు మీద ఎవరైనా పని చేస్తున్నారంటే దాని స్విచ్చు ఆపి, తాళం వేసి, 'మనుషులు పని చేస్తున్నారు' అన్న బోర్డు తగిలించాలి. తాళంచెవి మాత్రం పని చేసే మనిషే జేబులో పెట్టుకోవాలి. నా జేబులో కాదు, మేనేజరు జేబులో కాదు, ఎవరి చెయ్యి మోటారులో ఉందో వాళ్ల జేబులో. ఒకసారి ఒకతను తాళంచెవి జేబులోనే మరిచిపోయి ఇంటికి వెళ్లిపోతే, జీపు పంపి మనిషిని పిలిపించానే గాని తాళం పగలగొట్టనివ్వలేదు. ఆ షిఫ్టు షిఫ్టంతా నన్ను నోటికొచ్చినట్టు తిట్టుకుంది. మంథనిలో మా నాన్న మడి ఎంత పట్టింపుగా పాటించేవాడో, నేను తాళం అంత పట్టింపుగా పాటించేవాణ్ని. దాని మీద నాకు గర్వం కూడా ఉండేది. దాచుకోవడం ఎందుకు?

నా కింద పనిచేసే ఎలక్ట్రీషియన్లలో కనకయ్య అందరికంటే చురుకైనవాడు. కాసిపేట దగ్గరి పల్లె నుంచి వచ్చాడు. ఊళ్లో వాళ్ల అన్నదమ్ములు వ్యవసాయం చేసేవారు. ఆ రోజుల్లో బోరు మోటార్లకు ఫోను స్టార్టర్లు కొత్తగా వస్తున్నాయి. పొలంలో స్టార్టరు పెట్టెలో ఒక మొబైల్ ఫోను ఉంటుంది. రైతు ఎక్కడో కూర్చుని ఆ నంబరుకు రింగిస్తే మోటారు నడుస్తుంది, మళ్లీ రింగిస్తే ఆగుతుంది. ఫోను ఎత్తేవాడు ఉండడు కాబట్టి ఖర్చూ లేదు. కనకయ్య అన్నగారి పెట్టె విప్పి చూసి, వారం తిరక్కుండా అలాంటిదే ఒకటి తన క్వార్టరులో బిగించాడు. మోటారుకు కాదు, స్నానం నీళ్లు కాచే కాయిలుకు.

దానికి కారణం ఉంది. గనిలోకి ఫోను తీసుకుపోనివ్వరు. లోపల గ్యాసు ఉంటుంది, నిప్పురవ్వ పుట్టించగల వస్తువు ఏదీ దిగకూడదు. ల్యాంపు రూములో, అంటే తలదీపాలు ఇచ్చే గదిలో, ఫోను పెట్టెలో పెట్టి దిగాలి. మొదటి షిఫ్టు ఏడింటి నుంచి మూడింటి దాకా. పైకి వచ్చేసరికి మనిషి ఒళ్లంతా బొగ్గే. చలికాలంలో ఇంటికి వెళ్లి నీళ్లు కాగేదాకా వాకిట్లో నిలబడాలి. కనకయ్య మాత్రం పైకి రాగానే ఫోను తీసుకుని ఇంటికి ఒక రింగు ఇచ్చేవాడు. అతను స్కూటరు మీద క్వార్టరు చేరేసరికి నీళ్లు సిద్ధం. తర్వాత గేటు గడియకూ, దొంగలొస్తే మోగే గంటకూ కూడా అలాగే చేస్తానని షిఫ్టులో అందరికీ చెప్పుకునేవాడు.

నన్ను చూడ్డానికి పిలిచాడు. ఒక ఆదివారం వెళ్లాను. స్నానాల గదిలో పెద్ద ఇత్తడి కాగు, అందులో కాయిలు. గోడ మీద అందనంత ఎత్తున పెట్టె, పెట్టెలో పాత ఫోను. కాయిలు నడుస్తోందని తెలియడానికి ఎర్ర బల్బు పెట్టాడు. అది వరండాలో ఉంది, గేటు తీయగానే తనకు కనపడేలా. నేను టెస్టు బల్బుతో ఎర్తు చూశాను, జాయింట్లు చూశాను, పనితనానికి ముచ్చటపడ్డాను. ఎవరైనా వేరేవాళ్లు రింగిస్తే ఎట్లా అని ఒక్క ప్రశ్న మాత్రం వేశాను.

"గా నంబరు ఎవ్వలకు ఎర్క లేదు సార్. పగటీలి నేను బాయిల ఉంట, నా ఫోను ల్యాంపు రూముల ఉంటది. ఎవలు రింగిస్తరు?" అన్నాడు. బాయి అంటే అక్కడివాళ్లకు గని. నాకు ఆ జవాబు సరిపోయింది. గని లోపల ఇదే మాట ఎవడైనా అంటే ఆ రోజు వాణ్ని పనిలోంచి దింపి ఉండేవాణ్ని.

అతని భార్య సుగుణ చాయ్ తెచ్చింది. అప్పటికి కాయిలు తీగకు ప్లగ్గు ఉండేది. పెట్టె కింద సాకెట్లో పెట్టి ఉంది, పిన్ను కాస్త నల్లబడింది. ప్లగ్గు వదులైతే వేడెక్కుతుంది, అది తీసేసి తీగను నేరుగా కలిపితే గట్టిగా ఉంటుందని నేనే చెప్పాను. సుగుణ తలుపు దగ్గరే ఆగింది.

"ప్లగ్గు ఉండనియ్యుండ్రి సారూ. నీళ్లు పోసేటప్పుడు పీకి పక్కకు పెడుత. నాకు నిమ్మలం ఉంటది" అంది.

కనకయ్య నవ్వాడు. "ఫోర్‌మన్ సారుకే కరెంటు పాఠం చెప్తవా? నువ్వు ఊకో" అన్నాడు. నేనూ నవ్వాను. నా ఎదురుగానే ప్లగ్గు కోసేసి తీగ నేరుగా బిగించాడు.

ఇక మిస్డ్ కాల్ సంగతి చెప్పాలి. మా షిఫ్టుల్లో దానికో భాష ఉండేది. డ్యూటీ పొడిగిస్తే గని నుంచి ఇంటికి ఒక రింగు ఇచ్చి కట్ చేస్తారు. ఆ రింగుకు అర్థం, మనిషి క్షేమం, ఆలస్యంగా వస్తాడు. లోపలున్నవాడు ఇవ్వలేడు కాబట్టి పైనున్న ఫోర్‌మనే ఇవ్వాలి. అందుకని నేను చేరిన వారంలోనే అందరి ఇంటి నంబర్లూ నా ఫోనులో ఎక్కించుకున్నాను.

జనవరిలో ఒక రోజు, అడుగున నీళ్లు చేరే గుంటలోని పంపు ఆగిపోయింది. కనకయ్యను రెండో షిఫ్టులోకి కూడా ఆపక తప్పలేదు. మధ్యాహ్నం రెండున్నరకు అతను గని లోపల బిగించిన తీగ ఫోను నుంచి పైన ఆఫీసులో ఉన్న నాకు ఫోను చేశాడు. స్విచ్చుకు తాళం వేశానని, చెవి తన జేబులోనే ఉందని ముందుగా చెప్పాడు. ఆ తర్వాత, "ఇంటికి ఒక రింగు ఇయ్యుండ్రి సార్, లేకుంటె ఫికర్ పడ్తది" అన్నాడు. నేను నా ఫోనులో 'కనకయ్య ఇల్లు' అన్న పేరు వెతికి, ఒక రింగు ఇచ్చి కట్ చేశాను. ఇంజినీరు పిలిస్తే ఆయన గదికి వెళ్లాను.

మూడు కాకముందే హాజరు వేసే టైం ఆఫీసుకు కబురు వచ్చింది. కనకయ్య భార్యకు కరెంటు కొట్టింది, దవాఖానకు తీసుకుపోయారు, స్పృహ లేదు.

లోపలున్న మనిషికి చెడు కబురు లోపల చెప్పకూడదు. ఆఫీసులో పని ఉందని చెప్పి పైకి పిలిపించడం ఆనవాయితీ. కనకయ్యను అలాగే పిలిపించి, పైకి వచ్చాక నేనే విషయం చెప్పి, ఇంకొకతన్ని తోడిచ్చి జీపులో పంపాను. బొగ్గు కడుక్కోకుండానే వెళ్లాడు. నేను క్వార్టరుకు వెళ్లాను. కరెంటు ప్రమాదం జరిగిన చోట ఇంకొకరు చెయ్యి పెట్టకముందే చూడాల్సింది మా పనివాళ్లే.

అప్పటికే ఎవరో మెయిన్ ఫ్యూజు పీకేశారు. పక్కింటి మల్లవ్వ అనే ముసలావిడ వాకిట్లో రోకలి పట్టుకుని ఉంది. "నల్లా వచ్చింది బిడ్డా. కాగుల నీళ్లు నింపుతున్నది. నీళ్లల్ల చెత్త ఉన్నదని చెయ్యి పెట్టి తీస్తుండె. ఒక్క కేక పెట్టింది. పొయ్యి చూస్తె చెయ్యి కాగుకే అంటుకోని ఉన్నది. రోకలితోని కొట్టి ఇడిపిచ్చిన" అంది. ఆ పొడి కర్ర లేకపోతే ఇద్దరూ పోయేవారు.

స్టూలు ఎక్కి పెట్టె తెరిచాను. ఇంట్లో కరెంటు లేకపోయినా ఫోనుకు దాని బ్యాటరీ ఉంది. తెర మీద ఒక మిస్డ్ కాల్. టైము రెండు ముప్ఫై నాలుగు. కింద ఉన్న నంబరు నాది.

రెండుసార్లు చదివాను. మూడోసారి నా ఫోను తీసి పోల్చుకున్నాను, నా నంబరు నాకు తెలియనట్టు. సంగతి తర్వాత తెలిసింది. నేను నంబర్లు ఎక్కించుకున్నాక కనకయ్య ఇంట్లోకి కొత్త సిమ్ము కొన్నాడు. పాత ఇంటి నంబరు సిమ్ముకు రీచార్జి అక్కర్లేని లైఫ్‌టైం ప్లాను ఉంది కదా, పారేయడం ఎందుకని దాన్ని పెట్టెలో వేశాడు. నాకు చెప్పాలని తోచలేదు. ఎవరికీ తెలియదన్న ఆ నంబరు నెల రోజులుగా నా జేబులోనే ఉంది. దాన్ని ఎప్పుడైనా సరిచూడాలని నాకూ తోచలేదు.

ఆ మిస్డ్ కాల్ చెరిపేయడానికి రెండు నొక్కులు చాలు. గదిలో నేనొక్కణ్నే ఉన్నాను. బొటనవేలు అక్కడి దాకా పోయింది, అబద్ధం చెప్పను. ఫోను అలాగే రుమాల్లో చుట్టి దవాఖానకు పట్టుకెళ్లాను.

సుగుణ గుండె లయ తప్పిందని, తెల్లారేదాకా ఏమీ చెప్పలేమని డాక్టరు అన్నాడు. వార్డు బయట బెంచీ మీద కనకయ్య ఉన్నాడు. ఫోను చేతికిచ్చి, రింగిచ్చింది నేనే అన్నాను. తెర చూసి ఫోను బెంచీ మీద పెట్టాడు.

"ఇయ్యుమన్నది నేనే గద సార్" అన్నాడు. తిట్టి ఉంటే నాకు బాగుండేది.

సుగుణ బతికింది. కుడిచేతి రెండు వేళ్లు మాత్రం మళ్లీ ముడుచుకోలేదు. మూడో రోజు నేను వెళ్లినప్పుడు కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని కూర్చుంది. క్షమించమ్మా అన్నాను. ఆమె కోపంగా ఏమీ అనలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"గంత పెద్ద మోటార్లు నడిపిస్తరు, మీకు తెల్వదా సారూ? చెయ్యి నాది. ప్లగ్గు నా దగ్గర ఉండాలె గద?"

ఇరవై రెండేళ్లు నేను అందరికీ నేర్పిన నియమం అది. తన జేబులో తాళంచెవి పెట్టుకుని కనకయ్య ఆ సమయానికి గనిలో భద్రంగా పని చేస్తున్నాడు. అతని ఇంట్లో తాళంచెవి లాంటి ప్లగ్గును ఆమె చేతిలోంచి తీయించింది నేను.

రిపోర్టులో జరిగింది జరిగినట్టు రాశాను. ప్లగ్గు సంగతీ రాశాను. ఇల్లు గని కాదు కాబట్టి దాని మీద చర్య ఏదీ ఉండదని ఇంజినీరు చెప్పారు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా కొత్తగా చేరిన ఎలక్ట్రీషియన్లకు తాళం పాఠం నేనే చెప్పాను. అంతకుముందు బల్ల మీద తాళం పెట్టి మొదలుపెట్టేవాణ్ని. ఆ తర్వాత కనకయ్య కోసేసిన, పిన్ను నల్లబడిన ఆ పాత ప్లగ్గు పెట్టి మొదలుపెట్టాను. ఎక్కడిదని వాళ్లు అడిగేవారు. ఒక ఇంట్లో కరెంటు పని తెలిసినవాళ్లం ఇద్దరం, నియమం తెలిసిన మనిషి ఒకతె ఉన్నామని, ఆమె చెబితే మేమిద్దరం నవ్వామని చెప్పేవాణ్ని.