మెరుపు ఓడిపోయిన రోజు

మా చిన్నప్పుడు... కొరియాలో ఒక ఏటి ఒడ్డున చాప పరుచుకుని కూర్చున్నాం. ఎదురుగా ఇసుకలో కర్రల కంచె, దాని లోపల ఎద్దుల పోటీ. అమ్మ అప్పటికే చీరకొంగు కళ్ళకు అడ్డం పెట్టేసుకుంది.

న్యూజెర్సీ పిల్లని కొరియా ఎలా వెళ్ళానంటారా... ఎనభైల మొదట్లో మాట. పార్సిప్పనీలో మా అపార్ట్‌మెంట్‌కి పైవాటాలో పార్క్ అంకుల్ వాళ్ళుండేవారు. వాళ్ళమ్మాయి సూజిన్, నేనూ ఒకే క్లాసు. ఆ వేసవిలో మేం ఇండియాకి సియోల్ మీదుగా వెళ్తున్నామని తెలిసి, "మూడు రోజులు మా ఊళ్ళో ఆగాల్సిందే. అప్పటికి మేమూ అక్కడే ఉంటాం. మా నాన్నగారి ఎద్దు పోటీలో దిగుతోంది" అని అంకుల్ పట్టుబట్టారు.

దేనికీ తొందరపడని మా నాన్న, ఆ మాట వినగానే టికెట్లు మార్పించడానికి ఫోన్ అందుకున్నారు!

నాకు మాత్రం భయం. స్కూల్ లైబ్రరీలో స్పెయిన్ ఎద్దుల పోరు బొమ్మలు చూసి ఉన్నాను మరి... కత్తులు, నెత్తురు...

సూజిన్ వాళ్ళ తాతయ్యని మేమూ హరబొజి అనే పిలిచాం. కొరియన్‌లో తాతయ్య అని అర్థం. ఆయన ఎద్దు పేరుకి అర్థం మెరుపట. మెరుపని పేరే గానీ... పోటీకి ముందురోజు దొడ్లో చూస్తే, ఆదివారం సోఫాలోంచి లేచే మా నాన్నలాగే తీరిగ్గా లేచింది.

హరబొజి పెద్ద కాగులో గడ్డి ముక్కలు, చిక్కుడు గింజలు వేసి దానికోసం ఉడకబెడుతున్నారు. నాన్న కాగు పక్కన గొంతుక్కూర్చుని, "మా నాన్న మా గిత్తలకి ఉలవలు ఉడకబెట్టేవారు" అన్నారు. పార్క్ అంకుల్ ఆ మాట కొరియన్‌లో చెప్పగానే హరబొజి పకపకా నవ్వి, తెడ్డు నాన్న చేతికిచ్చేశారు. నాన్న ఒంగోలు దగ్గర పల్లెలో పెరిగారని తెలుసు గానీ... ఆయనకి పశువుల పని వచ్చని నాకు అప్పుడే తెలిసింది.

పోటీ రోజు... జనమే జనం. టోపీలు పెట్టుకున్న ముసలాళ్ళు, వీపున పిల్లల్ని కట్టుకున్న తల్లులు, కాలుతున్న ఎండు చేపల వాసన. అమ్మ న్యూజెర్సీ నుంచి తెచ్చిన జంతికలు చుట్టుపక్కల వాళ్ళకి పంచింది. పక్క చాప మీది బామ్మగారు ఒకటి కొరికి చూసి, మళ్ళీ చెయ్యి చాపారు.

మెరుపుకి ఎదురొచ్చిన ఎద్దు దానికన్నా జానెడు ఎత్తు. నాకు ఏడుపొచ్చేసింది.

"నాన్నా, ఓడిపోతే దాన్ని కిల్ చేసేస్తారా?"

"లేదమ్మా. ఏది ముందు వెనక్కి తిరిగితే అది ఓడినట్టు. రెండూ ఇంటికెళ్ళిపోతాయి, అంతే."

నేను నమ్మలేదు.

ముకుతాళ్ళు వదిలారు. తలలు ఢీకొన్న చప్పుడు నా కడుపులో వినబడింది. హరబొజి ఎద్దు పక్కనే వంగి నడుస్తూ దాని చెవి దగ్గర అరుస్తున్నారు. రెండూ కాసేపు తోసుకుంటాయి... మళ్ళీ నుదురూ నుదురూ ఆనించి, కదలకుండా రొప్పుతుంటాయి. పెద్ద ఎద్దు నెట్టే కొద్దీ మెరుపు గిట్టలు ఇసుకలో దిగబడుతున్నాయి.

అప్పుడు లేచారు మా నాన్న! ఇంట్లో ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, రెండు చేతులూ గాల్లోకెత్తి, "హోయ్! తల దించరా! దించి కిందనుంచి తొయ్యరా అబ్బాయ్!" అని తెలుగులో కేక. చుట్టూ జనం తిరిగి చూసి నవ్వారు. రెండో కేకకి వాళ్ళూ "హోయ్!" అన్నారు. అమ్మ కొంగు ఎప్పుడు తీసేసిందో ఏమో, "వదలకు మెరుపూ, వదలకు!" అంటూ నా భుజం పట్టుకుని ఊపేస్తోంది.

మెరుపు నిజంగానే తల దించింది. పెద్ద ఎద్దుని నాలుగడుగులు వెనక్కి నెట్టేసింది! జనం హోరు... సూజిన్, నేను చాప మీద గెంతులు. ఇంక గెలిచేశాం అనుకున్నాం.

అంతలో మెరుపు ఆగింది. గట్టిగా ఊపిరి వదిలింది. మెల్లగా వెనక్కి తిరిగి, తన దారిన తను నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

నేను భోరుమన్నాను. అమ్మ చెయ్యి విడిపించుకుని, కంచె అవతల ఎద్దుల్ని కట్టేసే చోటికి పరిగెత్తాను. అక్కడ హరబొజి తువ్వాలుతో మెరుపు మొహం తుడుస్తున్నారు. ఆయన మొహంలో కోపం లేదు. నన్ను చూసి ఏదో అన్నారు. నా వెనకే వచ్చిన పార్క్ అంకుల్ ఇంగ్లీషులో చెప్పారు.

"ఇంక చాలని నాకన్నా ముందు వీడికే తెలిసింది, తెలివైనవాడు అంటున్నారు. సాయంత్రం వీడికి భోజనం నువ్వే పెట్టాలట."

పెట్టాను! గరుకు నాలుకతో నా చెయ్యి మోచేతి దాకా నాకేసింది. నాన్న ప్యాంటు మడిచి, గడ్డి చుట్టతో దాని వీపు రుద్దుతున్నారు. ఎక్కడ రుద్దితే హాయిగా ఉంటుందో తెలిసిన చేతులు... అప్పటిదాకా ఆ చేతుల్లో బ్రీఫ్‌కేసు, కారు తాళాలే చూశాను నేను.

సెప్టెంబర్లో సూజిన్, నేను ఈ కథంతా క్లాసులో చెప్పాం. "ఎవరూ చచ్చిపోలేదా?" అని ఒకడు నీరసపడ్డాడు. "లేదు. మాది ఓడిపోయి, ఇంటికొచ్చి అన్నం తినింది" అన్నాను. టీచర్ నవ్వాపుకోలేకపోయింది.

మొన్న ఇప్పుడు మేముంటున్న కాపెల్‌లో మా అబ్బాయి సాకర్ మ్యాచ్‌కి వెళ్ళాను. గోల్ పడబోతుంటే పెద్దవాళ్ళందరం ఫోన్లు ఎత్తి పట్టుకున్నాం... వీడియోలో మన గొంతు పడుతుందని ఎవరం కేక వెయ్యలేదు.

ఏటి ఒడ్డున నాన్న వేసిన కేక ఏ క్యాసెట్‌లోనూ లేదు... నాకు మాత్రం ఇప్పటికీ వినిపిస్తుంది.

మీ అమ్మో, నాన్నో అలా ఒళ్ళు మరిచి అరిచిన రోజు మీకూ ఒకటుండే ఉంటుంది... చెప్పరూ, వినాలనుంది.