అత్తయ్య చెప్పిన మనూరు

మా ఎదురింటి అత్తయ్య పోయిందని కబురు వచ్చేసరికి నేను గుడివాడలో, ఆఫీసులో ఉన్నాను. ఫోన్లో నాన్న ఎక్కువ మాట్లాడలేదు. "పొద్దున్న లేవలేదురా. బయల్దేరి రా" అన్నాడంతే. అత్తయ్య మాకు చుట్టం కాదు. పెడన దగ్గర మా పేటలో అందరం మగ్గం మీద బతికేవాళ్లం. ఎండుచేపలమ్మే ఇల్లు ఆవిడదొక్కటే.

పొద్దున్నే బందరు వెళ్లి ఎండుచేపలు తెచ్చేది. అమ్మకం అయ్యాక నిమ్మాకు నలిపి చేతులు కడుక్కుని మా అరుగు మీద కూర్చునేది. పిల్లలం చుట్టూ చేరితే మనూరి కథ మొదలయ్యేది. ఇంట్లో బియ్యం, బట్టలు, చివరికి చీపురు కూడా అటక మీదే పెట్టేది. ఎందుకని మేమెవరమూ అడగలేదు.

పూర్వం కొన్ని కుటుంబాలు పడవలో వెళ్తుంటే, ఆటుకి నీళ్లు వెనక్కి తీసి పడవ బురదలో కూరుకుపోయిందట. మగవాళ్లు దాన్ని నెడుతుంటే ఆడవాళ్లు గట్టెక్కి పొయ్యి రాజేశారు. అన్నం ఉడికేలోపల పోటొచ్చి పడవ తేలింది. "వండిన అన్నం వదిలేసి మేం రాము" అన్నారట ఆడవాళ్లు. అలా వెలిసింది మనూరు.

"ఇక్కడ సముద్రం లేదుగా అత్తయ్యా, పడవెలా వచ్చింది?" అని ఒకసారి అడిగాను.

"నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో నీకేం తెలుసురా" అంది.

"మనూరివాళ్లు కోపమొస్తే అరవరు, అన్నం మానేస్తారు" అనేది. "మనూళ్లో కొత్తవాళ్లని ఏ ఊరని అడగరు, తిన్నారా అని అడుగుతారు" అనేది. నిజంగానే మా పేటవాళ్లు అంతే. కోపమొస్తే నాన్న మాట్లాడకుండా కంచం ముందు నుంచి లేచిపోయేవాడు.

పెద్దకర్మ రోజున దివిసీమ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. బందరు ఎండుచేపల బజారులో ఎవరో చెబితే తెలిసిందట. "మా వదినండీ" అన్నాడు. భోజనాల దగ్గర ఆవిడ మాటలు వస్తే నేను పడవ కథ చెప్పాను. ఆయన విస్తట్లో చెయ్యి ఆపేశాడు.

"అది మా ఊరండీ" అన్నాడు. "ఉప్పెనలో పోయింది. మా అన్న, పిల్లలు అప్పుడే పోయారు. వదిన కూడా పోయిందనుకున్నాం."

ఆ సాయంత్రం నాన్నని అడిగాను, "మరి మనూరి కథేంటి నాన్నా?"

"ఉప్పెన తర్వాత ఒంటరిగా వచ్చింది. మేమేం అడగలేదు. ఆవిడ చెప్పేదాకా మనూరికి ఒక కథ ఉంటుందని మాకు తోచలేదురా."

"అడగకపోవడం మన అలవాటేనా, ఆవిడ చెప్పాక వచ్చిందా?"

నాన్న "గుర్తులేదు" అన్నాడు.

ఆవిడ మమ్మల్ని మోసం చేసిందని అనుకోలేకపోతున్నాను. ఎప్పుడూ 'మనూరు' అందే గాని, ఊరి పేరు ఒక్కసారీ చెప్పలేదు. మా తాతలు ఎక్కడి నుంచి వచ్చారో నాకు తెలియదు. పడవ దిగిన ఆ ఆడవాళ్లు మాత్రం ఇప్పటికీ నా కళ్లకు కడుతున్నారు. నాకు లేని ముత్తవ్వలను ఇచ్చి వెళ్లినందుకు అత్తయ్యకు దణ్ణం పెట్టుకోవాలో, వాళ్లను ఆ పెద్దాయనకు తిరిగి ఇచ్చెయ్యాలో తెలియడం లేదు.

మర్నాడు పొద్దున్న ఆయన బయల్దేరేసరికి వీధి పొడవునా పడుగు చాపి ఉంది. నూలు తెగకుండా ఆడవాళ్లు కర్రలతో పైకెత్తి పట్టుకున్నారు. ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని, నడుం వంచి, దాని కిందుగా మెల్లగా అవతలికి వెళ్లాడు. బస్సుకి ఎటు వెళ్లాలో నాన్న చెప్పినా, అక్కడే నిలబడి వీధిని అటూ ఇటూ చూస్తూ ఉండిపోయాడు.