ఫార్మలిన్‌లో నానిన దిగులు

కత్తి మేస్త్రి అంటే ఆ ల్యాబులో తెలియనివారు లేరు. ఇరవై రెండేళ్లుగా ఆయన ఉద్యోగం ఒక్కటే: చనిపోయినవారి మెదడు ముక్కలను మైనపు దిమ్మలో బిగించి, వెంట్రుకకన్నా సన్నని పొరలుగా కోసి, రంగు పట్టించి, స్లైడ్ల మీద పరచడం. ఆ స్లైడ్లలో దుఃఖం ఎక్కడుందో వెతకడం పెద్ద డాక్టరుగారి వంతు.

ఒక శుభముహూర్తాన అది దొరికింది. దిగులు జబ్బుతో బతికి, చనిపోయినవారి మెదడు కణాలు ముడుచుకుపోయాయట, ఆరోగ్యవంతులవి నిండుగా ఉన్నాయట. పేపర్లో డాక్టరుగారి ఫోటో పడింది. మైక్రోస్కోపు పక్కనే ఉన్నా, ఆయన చూపు మాత్రం కెమెరా మీదే.

ఆ పేపరు పట్టుకుని మేస్త్రి చెల్లెలు వచ్చింది. ఆరేళ్లుగా అదే జబ్బుకు మందులు వాడుతున్న మనిషి.

"అన్నయ్యా, ముడుచుకున్న కణాలు మళ్లీ విచ్చుకోవటగా? ఇంకెందుకీ మాత్రలు? నిన్నటినుంచి మానేశాను."

"ఎవరు చెప్పారే నీకు?"

"మీ డాక్టరే, పేపర్లో. కోసింది నువ్వేగా!"

మర్నాడు మేస్త్రి ల్యాబులో జాడీల మీద తను రాసిన తేదీలు చూశాడు. ఆరోగ్యవంతుల మెదళ్లు, కుళ్లకుండా కాపాడే ఫార్మలిన్‌లో ఉన్నది పదిహేను రోజులు. రోగులవి వేరే ఆసుపత్రినుంచి వచ్చి, డాక్టరుగారి సంతకం కోసం వరండాలో రెండేళ్లు నానాయి. అన్నాళ్లు ఆ మందునీళ్లలో ఉంటే ఎవరి మెదడైనా ముడుచుకుంటుంది.

"అయ్యా, వీటిని ముడిచింది దిగులు కాదండీ, జాడీ."

"నువ్వు కత్తి చూసుకో. సైన్సు నాకొదిలెయ్. నీ ఉద్యోగం పొడిగింపు కాగితం నా బల్లమీదుంది, గుర్తుందా?"

"ఉందండీ. అదీ నానుతోంది."

అదే వరండాలో ఒక ఆరోగ్యవంతుడి జాడీ కూడా రెండేళ్లుగా మరుగునపడి ఉంది. జీవితమంతా నవ్వుతూ తిరిగి, లారీ కిందపడి పోయిన మనిషి. మేస్త్రి ఆ మెదడు కోసి, పేరు రాయకుండా ఆ స్లైడు డాక్టరుగారి ముందు పెట్టాడు.

"ఆహా! చూశావా, ఎంత విషాదం!" అన్నారు డాక్టరుగారు, మైక్రోస్కోపులో కన్ను పెట్టి.

మేస్త్రి జాడీ చీటీ చూపించాడు. డాక్టరుగారు చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. పేపరుకు దిద్దుబాటు పంపే విషయమై కమిటీ వేస్తామన్నారు. కమిటీ అంటే ఎన్నేళ్లో మేస్త్రికి తెలుసు. చెల్లెలికి అంత వ్యవధి లేదు.

సాయంత్రం నేరుగా ఆమె ఇంటికెళ్లి అంతా చెప్పాడు.

"నామీద జాలికొద్దీ చెప్పడం లేదు కదా?"

"జాలైతే స్వీట్లు తెచ్చేవాణ్ణి."

"మరి నా బుర్రలో ఏముంది?"

"ఎవరికీ తెలీదే. మాక్కూడా."

"ఇరవై రెండేళ్లు కోసి తెలుసుకున్నది ఇదేనా?" అంటూ ఆమె మాత్రల డబ్బా మూత తీసింది. "నిలబడ్డావేం? ఆ నీళ్లిలా ఇయ్యి."