పరంజా మీద సైకాలజీ

మొన్న మా అపార్ట్‌మెంటు కింద మానసిక సలహా కేంద్రమని కొత్త బోర్డు పెట్టారు. కూరగాయలకు వెళ్తున్నవాణ్ణి దాని ముందు ఆగిపోయాను. డెబ్బైల చివర్లో ఒమాన్‌లోని ఇబ్రాలో మేం బడి కట్టిన సైట్ కళ్లముందు కదిలింది.

వరంగల్‌లో సైకాలజీతో బి.ఏ. చదివి, ఆ చదువుకు ఉద్యోగమెక్కడుందో తెలియక తిరుగుతుంటే, ఆ ఇబ్రా సైట్‌లో ఫోర్‌మన్‌గా ఉన్న మా బావ నన్ను హాజరు వేసే పనికి పిలిపించుకున్నాడు. మనసుకు కూడా చదువుంటుందా అని రూమ్‌లో అందరి ముందూ ఆటపట్టించేవాడు.

మా రూమ్‌లోనే జగిత్యాల వైపు మేస్త్రి ఒకాయన ఉండేవాడు. వయసులో పెద్దవాడు కనుక మామా అనేవాళ్లం. ఆయన చెయ్యి పడితే గోడ అద్దమయ్యేది. ఒకనాడు పరంజా పలక జారి కింద పడ్డాడు. అదృష్టం కొద్దీ మడమ బెణకడంతో సరిపోయింది. కాలు నయమై డ్యూటీకి వచ్చాక మాత్రం, నిచ్చెన పట్టుకోగానే ఒళ్లంతా చెమటలు పట్టి వెనక్కి వచ్చేసేవాడు. తోటివాళ్లు నవ్వారు, బావ కేకలేశాడు, పని చేయనివాణ్ణి ఇంటికి పంపెయ్యమని మా యజమాని అర్బాబ్ చెప్పేశాడు.

భయాన్ని తిట్టి పోగొట్టలేమని, మనిషిని దానికి కొద్దికొద్దిగా అలవాటు పడనివ్వాలని మా లెక్చరర్ చెప్పిన మాట గుర్తొచ్చి, బావను బతిమాలి కొంత గడువు తీసుకున్నాను. డ్యూటీ అయ్యాక మామా నేనూ పరంజా కింద ఊరికే కూర్చుని టీ తాగేవాళ్లం; తర్వాత మోకాలెత్తు పలక మీద, ఆ తర్వాత ఇంకొంచెం పైన, వణుకు తగ్గేదాకా దిగకుండా. అలాంటి ఒక సాయంత్రం ఆయన నోరు విప్పాడు.

"కాలెట్లున్నదని అందరడిగిన్రు బిడ్డా, పడేటప్పుడు నా పానమెట్లయిందో ఎవ్వలడగలే. నా చిన్నబిడ్డ మొఖమే కండ్లల్ల మెదిలింది."

ఆ బిడ్డ గురించి చెప్పమన్నాను. వింటూ ఉండిపోయాను.

అంతా కుదుటపడిందనుకునేసరికి, ఒకరోజు మేం పైన ఉండగా గాలికి పలకలు ఊగాయి. మామ ఒక పలకను కరుచుకుని బిగుసుకుపోయాడు. కింద నుంచి చూసిన బావ అరుస్తాడనుకున్నాను. అరవలేదు. మెల్లగా ఎక్కి వచ్చి, ఆయన పక్కనే కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాడు.

"నాకు గూడ భయమే మామా. ఫోర్‌మన్‌నైతి గదా, అందుకే ఎవ్వలకు చెప్పలే."

మామ బావవంక చూసి నవ్వాడు. గాలి తగ్గేదాకా ముగ్గురం అక్కడే కూర్చున్నాం. మరునాడు మామ తాపీ పట్టుకుని తనంతట తనే ఎక్కాడు. బడి పైగోడంతా ఆయన పూసిందే. బావ వేళాకోళం మానేసి, రూమ్‌లో ఎవరికి దిగులేసినా నా దగ్గరికే పంపడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు భయాలన్నిటికీ పేర్లున్నాయి, శ్రద్ధగా వినడానికి చదువుకున్న మనుషులున్నారు. మంచిదే, అప్పుడే ఉంటే మాలో ఎందరో తేలికపడేవాళ్లు. కానీ ఆ రూమ్‌లో పక్కపక్కన పడుకున్న మాకు, ఒకడు అన్నం సగంలో వదిలి లేస్తే అందరికీ తెలిసిపోయేది. ఈ అపార్ట్‌మెంటులో భార్య పోయిన మా ఎదురింటాయనకు నిద్ర పడుతోందో లేదో ఈనాటికీ నాకు తెలియదు. మా మధ్య ఉన్నవి రెండు తలుపులే.